లైబ్రరీ డేటాబేస్‌లు: లాగిన్ నుంచి మొదటి పేపరు దాకా

డిగ్రీ కాలేజీల్లో ప్రాజెక్టులు ఇచ్చే రోజులు వచ్చాయంటే లైబ్రరీ కౌంటర్ దగ్గర వినిపించే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. "సార్, మిర్చి మీద ఏమైనా ఉందా?" "మేడమ్, డ్వాక్రా సంఘాల మీద పేపర్లు దొరుకుతాయా?" అలా అడిగిన పిల్లలకు నోటీసు బోర్డు మీద అతికించిన డేటాబేస్‌ల, అంటే పరిశోధన పేపర్లు వెతికి చదివే సైట్ల, జాబితా చూపిస్తే పని జరగదు. ఆ జాబితాలో ఉన్నవి ప్రచురణ సంస్థల పేర్లు. పిల్లల మనసులో ఉన్నది ఒక పంట, ఒక జబ్బు, ఒక ఊరు, ఒక చట్టం. ఈ రెంటినీ కలపాల్సింది లైబ్రేరియనే.

డబ్బు కట్టి తెచ్చుకున్న డేటాబేస్‌లు వాడకుండా పడి ఉండటానికి విద్యార్థుల బద్ధకమే కారణమని చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. వాళ్లు రెండే చోట్ల ఆగిపోతారు: లాగిన్ దగ్గర, ఆ తర్వాత మొదటి సెర్చ్ దగ్గర. కూర్చున్న పావుగంటలో ఒక్క పీడీఎఫ్ చేతికి వస్తే మళ్లీ వాళ్లే వస్తారు. రాకపోతే గూగుల్‌లో దొరికింది కాపీ చేసుకుని వెళ్లిపోతారు, ఇక డిగ్రీ అయ్యేదాకా ఈ వైపు చూడరు. అందుకే ఈ రెండు చోట్లా ఏం తప్పుతుందో, ఎందుకు తప్పుతుందో వివరంగా రాస్తున్నాను.

ముందు మీ కాలేజీ ఎందులో ఉందో చూసుకోండి

ప్రభుత్వ నిర్వహణలో ఉన్న కాలేజీ, యూనివర్సిటీ అయితే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కిందికి వస్తుంది. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన పథకం ఇది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల జర్నల్స్ దాదాపు 13,000 ఇందులో ఉన్నాయి. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, సేజ్, ఐఈఈఈ, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ అన్నీ వచ్చాయి. యూనివర్సిటీ, కాలేజీ లైబ్రరీల కోసం పనిచేసే యూజీసీ సంస్థ, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని నడిపిస్తోంది. ఒక జిల్లాలో మారుమూల ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఇంత పెద్ద సేకరణ అందడం ఇదే మొదటిసారి. అది వాడకుండా మురిగిపోతే నిజంగా బాధగా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ఇందులో ఉన్నవి జర్నల్సే. పాఠ్యపుస్తకం కోసం వచ్చినవాళ్లను ఇటు పంపితే గంట వృథా చేసుకుని వెళ్తారు. పుస్తకాలు కావాలంటే నేషనల్ డిజిటల్ లైబ్రరీ చూపించండి. ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే ఈ లైబ్రరీలో ఎవరైనా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు.

ఎయిడెడ్, ప్రైవేటు డిగ్రీ కాలేజీలు చాలావరకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ కాలేజీల కోసం నడిపే ఎన్-లిస్ట్ మీదే ఆధారపడతాయి. 2010లో మొదలైన ఈ పథకంలో కాలేజీ ఏటా సభ్యత్వ రుసుము కడుతుంది, విద్యార్థికి, అధ్యాపకుడికి విడివిడిగా యూజర్ ఐడీ వస్తుంది. ఇందులో ఈ-బుక్స్ కూడా ఉంటాయి. ఏ ప్రచురణ సంస్థ ఉంది, ఏది పోయింది అన్నది మారుతూ ఉంటుంది కాబట్టి జూన్‌లో ఒకసారి వాళ్ల సైట్లో జాబితా తెరిచి చూసుకోవాలి. మూడేళ్ల కిందటి కరపత్రాన్నే మళ్లీ జిరాక్స్ తీసి పంచితే, అందులో ఉండి ఇప్పుడు లేని పేరు దగ్గరే విద్యార్థి ఆగిపోతాడు.

లాగిన్ దగ్గర ఏం జరుగుతుంది

జర్నల్ సైట్లు మన కాలేజీని గుర్తుపట్టే పద్ధతులు రెండు. క్యాంపస్ నెట్ అయితే దాని ఐపీ అడ్రస్ (ఆ నెట్ కనెక్షన్‌కు ఉండే గుర్తింపు అంకెలు) చూసి గుర్తుపడతాయి. బయటి నుంచి అయితే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ చూసి గుర్తుపడతాయి. "నిన్న వచ్చింది, ఇవాళ రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రెంటి మధ్య తికమక వల్లే.

లైబ్రరీలోనే కూర్చున్న అమ్మాయి ఫోన్‌లో పేపరు తెరిస్తే ముప్పై, నలభై డాలర్లు కట్టమని అడుగుతుంది. పక్కనే ఉన్న డెస్క్‌టాప్‌లో అదే పేపరు హాయిగా తెరుచుకుంటుంది. ఫోన్ మొబైల్ డేటా మీద నడుస్తోంది, అంతే. వైఫై సిగ్నల్ బలహీనంగా ఉంటే చాలా ఫోన్లు తమంతట తామే మొబైల్ డేటాకు మారిపోతాయి. వీపీఎన్ ఆన్‌లో ఉన్నా, ఐఫోన్‌లో ప్రైవేట్ రిలే ఆన్‌లో ఉన్నా ఇదే గతి. మొబైల్ డేటా ఆపించి, వీపీఎన్ తీయించి, పేజీని మళ్లీ లోడ్ చేయించండి. నూటికి తొంభై సార్లు అక్కడితో సరి.

డెస్క్‌టాప్‌లో కూడా రాకపోతే కాలేజీ ఐపీ అడ్రస్ మారిందేమో చూడాలి. ఇంటర్నెట్ కనెక్షన్ మార్చినప్పుడు, రెండో కనెక్షన్ తీసుకుని కంప్యూటర్ ల్యాబ్‌ను దాని మీదికి మళ్లించినప్పుడు లైబ్రరీకి ఎవరూ చెప్పరు. గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని కొట్టి, వచ్చిన అంకెలను ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు ఇచ్చిన అంకెలతో పోల్చండి. లైబ్రరీలో ఒకటి, ల్యాబ్‌లో ఒకటి, హాస్టల్లో ఒకటి, మూడు చోట్లా విడిగా చూడాలి. రౌటర్ ఆపి వేసిన ప్రతిసారీ అంకెలు మారుతుంటే అది స్టాటిక్ ఐపీ (మారకుండా ఉండేది) కాదు. అలాంటి కాలేజీలో ఐపీ మీద ఆశ పెట్టుకోకుండా అందర్నీ ఇన్‌ఫెడ్ లాగిన్‌కు అలవాటు చేయడమే మంచిది.

ఇన్‌ఫెడ్ అంటే ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఇచ్చే సంస్థాగత లాగిన్. జర్నల్ సైట్లో 'యాక్సెస్ త్రూ యువర్ ఇన్‌స్టిట్యూషన్' అన్న బటన్ నొక్కి, కాలేజీ పేరు వెతికి, దాన్ని ఎంచుకుని, అప్పుడు ఐడీ కొట్టాలి. పేరు వెతికే ఆ గడిలోనే చాలామంది చిక్కుకుంటారు. 'జీడీసీ' అని పొట్టిగా కొడితే ఏమీ రాదు. 'గవర్నమెంట్ డిగ్రీ కాలేజ్' అని కొడితే అలాంటివి వరసగా వస్తాయి, ఏది తమదో తెలియదు. నమోదులో మీ కాలేజీ పేరు అక్షరం పొల్లుపోకుండా ఎలా ఉందో చూసి, ఆ స్పెల్లింగునే కార్డు మీద అచ్చువేయించి ప్రతి కంప్యూటర్ పక్కన అతికించండి. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఇంకెక్కడా రాదు.

ఎన్-లిస్ట్‌లో అసలు తప్పు ఎక్సెల్ షీటులోనే మొదలవుతుంది. విద్యార్థుల పేర్లు, ఈమెయిళ్లు షీటులో పెట్టి కాలేజీ అడ్మిన్ ఎక్కిస్తే, ఐడీ, పాస్‌వర్డ్ ఆ ఈమెయిల్‌కు వెళ్తాయి. ఆ ఈమెయిళ్లను అడ్మిషన్ రిజిస్టరు నుంచి తీసుకోవడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. తెలంగాణలో దోస్త్ అయినా, ఆంధ్రాలో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ అయినా చాలామంది దరఖాస్తు నింపించుకున్నది నెట్ సెంటర్లో. అక్కడి కుర్రాడు అప్పటికప్పుడు ఒక జీమెయిల్ తయారుచేసి పెట్టి ఉంటాడు. దాని పాస్‌వర్డ్ విద్యార్థికి తెలియదు, ఆ మెయిల్ తన ఫోన్‌లో ఉండదు. ఐడీ వెళ్తుంది, ఎవరూ చూడరు. అందుకని రిజిస్టరును పక్కన పెట్టి, గూగుల్ ఫారం పంపి, "ఇప్పుడు మీ ఫోన్‌లో తెరుచుకునే మెయిల్" అడగండి. వచ్చిన షీటులో మూడు విషయాలు చూడండి: 'కామ్' బదులు 'కాన్' అని పడిందా, చివర ఖాళీ స్పేస్ ఉందా, ఒకే మెయిల్ ఇద్దరికి ఉందా.

మెయిల్ రాలేదంటే ముందు స్పామ్‌లో చూడమనండి. వచ్చినా లాగిన్ కావట్లేదంటే పాస్‌వర్డ్‌ను చేత్తో కొడుతున్నారేమో చూడండి. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేసేస్తుంది. కాపీ చేసి అతికిస్తే చివర ఒక స్పేస్ తోడు వస్తుంది. ఆ స్పేస్ కంటికి కనపడదు, కంప్యూటర్‌కు మాత్రం కనపడుతుంది.

లాగిన్ అయ్యాక కూడా ఒక గోతి ఉంది. ఎన్-లిస్ట్‌లోకి వెళ్లి, ఇంకో ట్యాబ్‌లో గూగుల్ తెరిచి, అక్కడ దొరికిన జర్నల్ లింకు నొక్కుతారు. అది డబ్బు అడుగుతుంది. లాగిన్ అయిన పేజీలోని జాబితా నుంచి ప్రచురణ సంస్థ పేరు నొక్కి లోపలికి వెళ్తేనే ఆ సైట్‌కు మనం ఫలానా కాలేజీ వాళ్లమని తెలుస్తుంది. విద్యార్థికి ఇది ఒకసారి చేయించి చూపాలి. చెబితే గుర్తుండదు.

మిర్చి ప్రశ్నను విప్పి చూద్దాం

మొదటి సెర్చ్ ఎలా తప్పుతుందో ఒక అసలైన అంశం మీద చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 2021-22లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు మిర్చి తోటల్ని నల్ల తామర పురుగు ఊడ్చేసిన సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. జువాలజీ, బోటనీ విద్యార్థులు దాని మీద ప్రాజెక్టు చేయాలనుకోవడం సహజం. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు ఊళ్లో సర్వే చేసినవాళ్లు కూడా ఇదే అంశంతో వస్తారు.

విద్యార్థి కొట్టే మొదటి మాటలు ఇలా ఉంటాయి: 'గుంటూరు జిల్లాలో మిర్చికి నల్ల తామర పురుగు వల్ల రైతుల నష్టాలు', ఇదంతా ఇంగ్లీషులో ఒకే వాక్యంగా. గూగుల్‌కు వాక్యం ఇస్తే సరిపోతుంది. చాలా డేటాబేస్‌లు మాత్రం ఇచ్చిన మాటలన్నీ ఉన్న పేపర్లనే చూపిస్తాయి. ఏడెనిమిది మాటలు ఇస్తే ఫలితం సున్నా. "ఏమీ లేదు సార్" అని లేచిపోతారు.

కొంచెం తెలివైనవాళ్లు కుదించి 'చిల్లీ త్రిప్స్' అని కొడతారు. ఈసారి పేపర్లు వస్తాయి, బోలెడు వస్తాయి. కానీ అవి వేరే పురుగువి. ఇంగ్లీషులో 'చిల్లీ త్రిప్స్' అనేది స్కిర్టోత్రిప్స్ డోర్సాలిస్‌కు వాడుక పేరు. మన రైతులకు ఎప్పటినుంచో తెలిసిన, ఆకులు పైకి ముడుచుకునేలా చేసే పాత తామర పురుగు అది. 2021లో పూతను పట్టి పీడించినది త్రిప్స్ పార్విస్పైనస్, మన దేశంలో 2015లో బొప్పాయి మీద మొదట నమోదైన పురుగు. ఈ తేడా తెలియకుండా రాసిన ప్రాజెక్టులో పట్టికలన్నీ ఒక పురుగువి, శీర్షిక ఇంకో పురుగుది అవుతుంది. కాబట్టి ఏ ప్రాణి, ఏ మొక్క గురించి వెతికినా శాస్త్రీయ నామమే మొదటి మాట. ఆ పేరు తెలియకపోతే ముందు గూగుల్‌లోనో, వ్యవసాయ శాఖ కరపత్రంలోనో పట్టుకుని తర్వాత డేటాబేస్‌లోకి రావాలి. గూగుల్‌ను వద్దనడం కంటే దాన్ని ఈ పనికి వాడమనడం నయం.

తర్వాతిది పంట పేరు. ఇంగ్లీషులో మిరపను నాలుగు రకాలుగా రాస్తారు. రెండు ఎల్‌లు పెట్టి చివర ఐ, ఒక ఎల్ పెట్టి చివర ఐ, రెండు ఎల్‌లతో చివర వై, ఒక ఎల్‌తో చివర ఈ. భారతీయ పేపర్లలో మొదటిది, మూడోది ఎక్కువ. అమెరికా పేపర్లలో రెండోది, నాలుగోది. వీటికి తోడు క్యాప్సికమ్. అన్నిటినీ 'ఆర్'తో (ఏదో ఒకటి ఉన్నా చాలని దాని అర్థం) కలిపి ఒక బ్రాకెట్‌లో పెట్టాలి. అప్పుడు సెర్చ్ ఇలా తయారవుతుంది, ఇంగ్లీషు అక్షరాల్లో: కొటేషన్ గుర్తుల మధ్య త్రిప్స్ పార్విస్పైనస్, తర్వాత పెద్దక్షరాల్లో 'ఆండ్' (రెండూ ఉండాలని), ఆ తర్వాత బ్రాకెట్‌లో ఆ స్పెల్లింగులు అన్నీ పెద్దక్షరాల 'ఆర్'లతో.

బ్రాకెట్ మర్చిపోతే ఏమవుతుందో ఒకసారి కావాలని చేసి చూపించండి. పురుగుతో సంబంధం లేని క్యాప్సికమ్ పేపర్లన్నీ, వంటా, మందులూ, ఘాటు రసాయనం దాకా, వరదలా వచ్చిపడతాయి. 'ఆండ్', 'ఆర్' చిన్నక్షరాల్లో కొడితే చాలా చోట్ల అవి మామూలు మాటల కిందే లెక్క. ఎల్సెవియర్ వారి సైన్స్‌డైరెక్ట్‌లో అయితే ఒక గడిలో ఇలాంటివి ఎనిమిదికి మించి పెట్టనివ్వదు. మాట చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతికే పద్ధతి చాలా డేటాబేస్‌లలో పనిచేస్తుంది, సైన్స్‌డైరెక్ట్‌లో పనిచేయదు. ఫోన్‌లో కొట్టేవాళ్లకు ఇంకో చిక్కు: కొన్ని ఫోన్లు నిటారు కొటేషన్ గుర్తును వంకర గుర్తుగా మార్చేస్తాయి, కొన్ని సైట్లు దాన్ని గుర్తించవు. అంతా సరిగ్గా ఉన్నా ఫలితం రాకపోతే అనుమానించాల్సింది దాన్నే.

'గుంటూరు' అనే మాటను మొదటి సెర్చ్‌లో పెట్టనివ్వకండి. ఊరి పేరు చాలా పేపర్ల సారాంశంలో ఉండదు, లోపల పద్ధతుల భాగంలో ఉంటుంది. ముందు ఊరు లేకుండా వెతికి, వందల్లో వస్తేనే 'ఆంధ్ర ప్రదేశ్', 'తెలంగాణ', 'ఇండియా' జత చేయాలి. సంవత్సరాన్ని 2021 నుంచి పెడితే మన తోటల మీద రాసినవి పైకి వస్తాయి.

ఇక ఎక్కడ వెతకాలి? ఇండియన్‌జర్నల్స్ డాట్ కామ్‌లో మన వ్యవసాయ పరిశోధకుల పేపర్లు ఎక్కువ, అది వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌లో ఉంది. ఉచితంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి ఆగ్రిస్ ఉంది. థీసిస్‌ల కోసం మామూలుగా అందరం ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి థీసిస్‌ల సైటు శోధ్‌గంగ అంటాం కానీ, వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లకు చూడాల్సిన చోటు కృషికోశ్. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ విద్యార్థి మిరప తామర పురుగు మీద చేసిన పని దొరికితే అది డిగ్రీ విద్యార్థికి విదేశీ జర్నల్ పేపరు కన్నా పది రెట్లు ఉపయోగం. మన నేల, మన రకాలు, మన మందులు, అర్థమయ్యే పద్ధతులు. శోధ్‌గంగలో దొరకలేదని వెనక్కి పంపేసే ముందు ఇది ఒకసారి చూడాలి.

తెలుగు అంశాలు వెతికేటప్పుడు

తెలుగు ఎమ్మే, పీహెచ్‌డీ విద్యార్థులకు ఇబ్బందులు వేరు, వాటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

శోధ్‌గంగలో తెలుగు శాఖ థీసిస్‌ల శీర్షికలు మూడు రకాలుగా నమోదై ఉంటాయి. కొన్ని తెలుగు లిపిలో, కొన్ని తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో, కొన్ని ఇంగ్లీషు అనువాదంలో. 'తెలంగాణ కథ' మీద పని చేసేవాళ్లు మూడు విధాలుగానూ వెతకాలి. ఇంగ్లీషు అక్షరాల్లో 'కథ'కు హెచ్ ఒకటా రెండా, చివర ఏ ఉందా లేదా అనేది నమోదు చేసినవాళ్ల ఇష్టం. అందుకే నేను సెర్చ్ కన్నా బ్రౌజ్‌నే ముందు చూపమంటాను. యూనివర్సిటీ పేరు నొక్కి, దానిలో తెలుగు శాఖ నొక్కితే అక్కడున్నవన్నీ వరసగా వస్తాయి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, కాకతీయ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఇలా ఒక్కొక్కటీ తిరగేస్తే ఒక పూట పడుతుంది కానీ ఏదీ తప్పిపోదు.

థీసిస్ లోపలి మాటలను పట్టుకుందామంటే కుదరదు. దానికి కారణం మన అచ్చు చరిత్రలోనే ఉంది. చాలా తెలుగు థీసిస్‌లు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కొట్టినవి. యూనికోడ్ కాని ఆ ఫాంట్లలో తెరమీద 'అ' కనపడినా లోపల ఉన్నది ఏదో ఇంగ్లీషు అక్షరమో, గుర్తో. ఆ పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూపిస్తే విద్యార్థికి వెంటనే బోధపడుతుంది, అంతా గజిబిజి. స్కాన్ చేసి పెట్టినవైతే ఉత్త బొమ్మలే. కంప్యూటర్‌కు చదవరానిదాన్ని అది వెతకలేదు. కాబట్టి తెలుగులో శీర్షిక, పరిశోధకుడు, పర్యవేక్షకుడు, శాఖ, వీటితోనే వెతకాలి. మీ యూనివర్సిటీలో థీసిస్‌లు ఎక్కించే బాధ్యత మీ మీద ఉంటే, శీర్షికను తెలుగు లిపిలోనూ, కీలక పదాలను రెండు భాషల్లోనూ పెట్టండి. రేపు ఆ థీసిస్ ఎవరికైనా కనపడాలంటే ఆ నాలుగు మాటలే ఆధారం.

శోధ్‌గంగలో థీసిస్ ఒకే ఫైలుగా ఉండదు, అధ్యాయానికో పీడీఎఫ్. 01తో మొదలయ్యే టైటిల్ ఫైలు, తర్వాత సర్టిఫికెట్, విషయసూచిక, అలా. విద్యార్థులు మొదటి ఫైలు తెరిచి "ఒక్క పేజీయే ఉంది" అని మూసేస్తారు. కిందికి జరిపి చూడమనండి. చాలా థీసిస్‌లకు 80 అంకెతో 'రికమెండేషన్' అనే ఫైలు ఉంటుంది, అందులో ముగింపు అధ్యాయం ఉంటుంది. ముందు విషయసూచిక, తర్వాత ఆ ఫైలు చదివితే ఆ థీసిస్ తమకు పనికొస్తుందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది.

పాత తెలుగు పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ పెద్ద దిక్కు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో అక్కడికి చేరాయి. వాటి శీర్షికలను ఒక ప్రత్యేక పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. దీర్ఘానికి అచ్చును రెండుసార్లు రాస్తారు, సున్నకు ఎన్ రాసి పక్కన అపాస్ట్రఫీ పెడతారు. 'ఆంధ్ర' కావాలంటే రెండు ఏలు, ఎన్, అపాస్ట్రఫీ, ఆ తర్వాత డీహెచ్‌ఆర్‌ఏ. 'శ్రీ' అయితే చివర రెండు ఐలు. మనం మామూలుగా కొట్టే స్పెల్లింగుతో పుస్తకం రాకపోతే ఇలా కొట్టి చూడాలి. అయినా రాకపోతే రచయిత ఇంటిపేరుతో వెతికి, పక్కన భాష దగ్గర తెలుగు ఎంచుకోవాలి.

నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులకు వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ గురించి రెండు ముక్కలు. అది మన మాటను తనే వైద్య పరిభాషలోకి మార్చుకుంటుంది, 'హార్ట్ ఎటాక్' అని కొట్టినా 'మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్' పేపర్లు వస్తాయి. కొటేషన్ గుర్తులు పెడితే ఆ సాయం ఆగిపోతుంది. మిర్చి దగ్గర పెట్టమన్న కొటేషన్లను ఇక్కడ మొదట్లో పెట్టవద్దనాలి. ఎడమ పక్కన 'ఫ్రీ ఫుల్ టెక్స్ట్' టిక్ చేస్తే చందా లేకుండా చదవగలిగినవే మిగులుతాయి.

కంటికి కనపడేలా పెట్టడం

డేటాబేస్ ఉన్న సంగతి తెలియాల్సింది అవసరం పుట్టిన చోట. 632 వర్గీకరణ నంబరు అల్మరా దగ్గర తెగుళ్ల పుస్తకం వెతుకుతున్న విద్యార్థికి అక్కడే ఒక కార్డు కనపడాలి: "కొత్త పురుగుల మీద పేపర్లు కావాలంటే ఆగ్రిస్, కృషికోశ్", కింద క్యూఆర్ కోడ్. 894.827 దగ్గర, అంటే తెలుగు సాహిత్యం దగ్గర, శోధ్‌గంగ తెలుగు శాఖల లింకులు. న్యాయశాస్త్రం అల్మరా దగ్గర తీర్పులకు ఇండియన్ కానూన్, చట్టాలకు ఇండియా కోడ్. ఒక కార్డు మీద రెండు మూడు పేర్లకు మించవద్దు. క్యూఆర్ కోడ్‌ను సైటు మొదటి పేజీకి కాకుండా సరిగ్గా వెతికే పేజీకి పెట్టండి, లేమినేట్ చేసే ముందు రెండు మూడు ఫోన్లతో పరీక్షించండి.

కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడేచోట ఇంకో వీలుంది. పుస్తకం రికార్డులో 856 ఫీల్డు తీసుకుని, యూ సబ్‌ఫీల్డులో లింకు, వై సబ్‌ఫీల్డులో కనపడాల్సిన మాట పెడితే ఒపాక్‌లో (విద్యార్థులు పుస్తకాలు వెతికే ఆన్‌లైన్ కేటలాగులో) ఆ పుస్తకం కిందే "ఈ అంశంపై పేపర్లు" అని వస్తుంది. అన్ని పుస్తకాలకూ చేయనక్కర్లేదు. ఎక్కువగా ఇష్యూ అయ్యే వంద పుస్తకాలతో మొదలుపెట్టి, ఏడాదికోసారి లింకులు తెరుచుకుంటున్నాయో లేదో చూస్తే చాలు.

వాట్సాప్ గ్రూపుల్లో లింకులు పంచేటప్పుడు ఒక తప్పు పదే పదే జరుగుతుంది. లాగిన్ అయిన బ్రౌజర్‌లో పైనున్న అడ్రస్‌ను కాపీ చేసి పెడతారు. అది ఆ లాగిన్‌కు, ఆ పూటకు మాత్రమే పనిచేసే అడ్రస్ కావచ్చు. మిగతావాళ్లకు ఎర్రర్ వస్తుంది, "లైబ్రరీ లింకులు పనిచేయవు" అన్న పేరు పడుతుంది. పేపరు మొదటి పేజీలో 10తో మొదలై, చుక్క, అంకెలు, ఏటవాలు గీత ఉండే డీఓఐ, అంటే ఆ పేపరుకు శాశ్వతంగా ఇచ్చిన గుర్తింపు సంఖ్య, కనపడుతుంది. దాన్ని పంచాలి. అది మారదు.

తరగతి చెప్పేటప్పుడు

జూలైలో అందర్నీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి ప్రొజెక్టర్ మీద చూపించే ఓరియెంటేషన్ వల్ల ఫోటోలు వస్తాయి, వాడకం రాదు. ప్రాజెక్టు అంశాలు ఇచ్చిన వారంలోనే, ఒక సబ్జెక్టు వాళ్లను, ఇరవై మందికి మించకుండా, ఎవరి అంశం వాళ్ల చేతిలో ఉండగా కూర్చోబెట్టాలి. ముందు రోజే అందరి ఐడీలు పనిచేస్తున్నాయో చూసుకోవాలి. క్లాసులో ఐదుగురి లాగిన్ చెడితే మిగతా గంట అక్కడే గడిచిపోతుంది. గంట సమయం ఉంటే మొదటి పది నిమిషాలు లాగిన్, తర్వాత ఒక్క డేటాబేస్‌లో ఒక్క సెర్చ్ అందరూ కలిసి, మిగతా సమయమంతా ఎవరి అంశం మీద వాళ్లు. మీరు తిరుగుతూ చూడండి. రెండో డేటాబేస్ పేరు ఆ రోజు ఎత్తనే వద్దు.

అధ్యాపకుల సాయం లేకుండా ఇది నిలవదు. ప్రాజెక్టు మార్గదర్శకాల్లో "కనీసం మూడు జర్నల్ పేపర్లు, డీఓఐతో" అన్న ఒక్క వాక్యం చేర్పించండి. లైబ్రరీ పెట్టే పది పోస్టర్లకన్నా మార్కులతో ముడిపడిన ఆ వాక్యం ఎక్కువ మందిని తీసుకొస్తుంది.

రెండు హెచ్చరికలు మాత్రం మొదటి రోజే చెప్పాలి. తమ ఐడీని స్నేహితులకు ఇవ్వకూడదు. ఒక జర్నల్ సంచికలన్నీ వరసగా, ముఖ్యంగా డౌన్‌లోడ్ చేసే సాఫ్ట్‌వేర్ పెట్టి, దించుకోకూడదు. ప్రచురణ సంస్థ కంప్యూటర్లు దీన్ని పసిగట్టి ఆ ఐపీ అడ్రస్‌నే ఆపేస్తాయి. ఒకరు చేసిన పనికి కాలేజీ మొత్తానికి ఆ జర్నల్స్ ఆగిపోతాయి, మళ్లీ తెరిపించడానికి ఉత్తరాలు రాస్తూ రోజులు గడుస్తాయి.

వాడకం లెక్కలు కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైలు కోసం ఎలాగూ తీస్తాం. అందులో మొత్తం డౌన్‌లోడ్‌లు చూసి సంతోషించకండి. ఇద్దరు పరిశోధక అధ్యాపకులు ఆ సంఖ్యను ఎంతైనా పెంచగలరు. ఎంతమంది వేర్వేరు మనుషులు ఒక్కసారైనా లాగిన్ అయ్యారో చూడండి. ఏ శాఖలో ఒక్కరూ లేరో తెలిస్తే వచ్చే వారం ఎక్కడికి వెళ్లాలో తెలిసినట్టే.

ఫైనల్ ఇయర్ వాళ్లు వెళ్లిపోయే ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, ఇంకో మెయిల్ పంపాలి. కాలేజీ ఐడీ ఆగిపోతుందని, తమకు కావాల్సిన పీడీఎఫ్‌లు, రిఫరెన్సులు ఈలోపు సొంత ఫోల్డర్లో దాచుకోమని చెప్పాలి. శోధ్‌గంగ, కృషికోశ్, పబ్‌మెడ్, ఆగ్రిస్, నేషనల్ డిజిటల్ లైబ్రరీ, ఉచిత జర్నల్స్ జాబితా అయిన డీఓఏజే తర్వాత కూడా వాళ్లకు ఉచితంగా తెరిచే ఉంటాయని అదే మెయిల్లో లింకులతో రాయాలి. నేషనల్ డిజిటల్ లైబ్రరీలో కాలేజీ మెయిల్‌తో నమోదైనవాళ్లు సొంత మెయిల్‌తో మళ్లీ నమోదు చేసుకోవాలి. ఆ తర్వాతే ఎన్-లిస్ట్ అడ్మిన్ పేజీలో వాళ్ల ఐడీలు తీసేసి, కొత్త బ్యాచ్ కోసం గూగుల్ ఫారం సిద్ధం చేసుకోవాలి.